ఒక్కరి ప్రార్థన కోసం గీసిన బొమ్మలు: లండన్ నేషనల్ గ్యాలరీ

లండన్‌లో పైసా ఖర్చు లేకుండా చూడగలిగిన వాటిలో నేను మొదట చెప్పే పేరు ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీ. అక్కడ వాన్ గో పొద్దుతిరుగుడు పూల ముందు ఎప్పుడూ జనం ఉంటారు. ఆ బొమ్మ గురించి చెప్పేవాళ్లూ చాలామందే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నవి వేరు. అదే గ్యాలరీలో సెయిన్స్‌బరీ వింగ్ అనే పడమటి భాగంలో చిన్న చిన్న బొమ్మలు కొన్ని ఉన్నాయి. కొన్ని పుస్తకమంత ఉంటే కొన్ని పలకంత ఉంటాయి. ఒకటైతే పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది, అంతే. ఐదారు వందల ఏళ్ల కిందట, కొన్నైతే ఇంకా ముందు, ఒక్క మనిషి తన గదిలో మోకరించి జపం చేసుకోవడానికి గీయించుకున్నవి. లండన్ వచ్చే మనవాళ్లు వాటికి ఒక సాయంత్రం కేటాయించాలని నా కోరిక. అందుకే ఇది రాస్తున్నాను.

నేను నవజాత శిశువుల వార్డులో నర్సును. పుట్టి పెరిగింది విజయవాడ గుణదలలో, మరియమాత కొండకు దగ్గర్లో. మా ఇంట్లో గది మూల చెక్క పీట మీద మాత పటం, ముందు ఒక కొవ్వొత్తి, పక్కన జపమాల ఉండేవి. ఎంత పని ఉన్నా సాయంత్రం అమ్మ అక్కడ మోకరించకుండా వంటింట్లోకి వెళ్లేది కాదు. ఈ గ్యాలరీలో మిగతా గదులకన్నా ఈ చిన్న బొమ్మల దగ్గరే నా కాళ్లు ఎక్కువసేపు ఆగడానికి అది కూడా కారణం కావచ్చు. శుక్రవారాల్లో గ్యాలరీ రాత్రి తొమ్మిది గంటల దాకా తెరిచి ఉంటుంది. డ్యూటీ లేని శుక్రవారం ఆరు దాటాక వెళ్తాను. అప్పటికి బడిపిల్లల గుంపులు, పర్యాటకుల బృందాలు వెళ్లిపోయి ఉంటాయి. ఒక్క బొమ్మ ముందు పావుగంట నిలబడినా వెనక నుంచి ఎవరూ తొందరపెట్టరు. ఈ బొమ్మలకు కావలసింది సరిగ్గా అదే.

ఇవి ఎందుకు పుట్టాయో కాస్త తెలిస్తే చూపు మారుతుంది. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల యూరప్‌లో చర్చిలో అందరితో కలిసి చేసే ప్రార్థనతోపాటు ఇంట్లో ఒంటరిగా చేసే ప్రార్థన బాగా పెరిగింది. ఏ వేళకు ఏ జపం చెప్పాలో రాసి ఉన్న చిన్న పుస్తకాలను కలిగినవాళ్లు చేయించుకునేవారు. నెదర్లాండ్స్‌లో గీర్ట్ గ్రోట్ మొదలుపెట్టిన భక్తి ఉద్యమం క్రీస్తు జీవితాన్ని తన కళ్ల ముందే జరుగుతున్నట్టు తలచుకోమని ప్రతి మనిషికీ నేర్పింది. ఆ తలపోతకు కంటికి ఎదురుగా ఒక ఆసరా కావాలి. దానికోసమే ఈ బొమ్మలు. ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లేలా మడతపెట్టేవి కొన్ని. మంచం పక్కన గోడకు తగిలించేవి కొన్ని. వాడకం ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న, ఇటలీ చిత్రకారుడు దూచ్చో గీసిన మరియమాత బొమ్మ చూడాలి. చట్రంతో కలిపి 28 సెంటీమీటర్ల ఎత్తు. చట్రం కింది అంచు మీద కాలిన మచ్చలున్నాయి. ముందు పెట్టిన కొవ్వొత్తుల సెగకు కాలినవి. 2004లో మ్యూజియం దాన్ని కొన్నప్పుడు ఆ మచ్చలను అలాగే ఉంచింది. న్యూజెర్సీ తెలుగువాళ్లకు అది దగ్గరే కాబట్టి వాళ్లకు ఆ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక లండన్ సంగతి. అన్నిటికన్నా ముందు చూడవలసింది విల్టన్ డిప్టిక్. రెండు ఓక్ చెక్క పలకలు, మధ్యలో బందులు. పుస్తకంలా మూయవచ్చు, తెరవవచ్చు. ఒక్కో పలక 53 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు. బొమ్మ చుట్టూ ఉన్న చట్రాన్ని విడిగా చేసి అతికించలేదు, అదే చెక్కలోంచి తొలిచారు. 1395, 1399 సంవత్సరాల మధ్య ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ కోసం తయారైంది. గీసిన చిత్రకారుడి పేరు ఎవరికీ తెలియదు. ఆయన ఇంగ్లండ్ వాడా, ఫ్రాన్స్ వాడా అన్న చర్చ ఇప్పటికీ తేలలేదు. సాల్జ్‌బరీ దగ్గర పెంబ్రోక్ ప్రభువుల విల్టన్ హౌస్‌లో చాలాకాలం ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 1929లో నేషనల్ గ్యాలరీ చేతికి వచ్చింది.

ఎడమ పలకలో రాజు మోకరించి ఉన్నాడు. వెనక ముగ్గురు పునీతులు నిలబడి అతణ్ని మరియమాతకు పరిచయం చేస్తున్నారు. బాణం పట్టుకున్నది డేన్‌ల (డెన్మార్క్ నుంచి దండెత్తి వచ్చినవాళ్ల) చేతిలో చనిపోయిన ఎడ్మండ్ రాజు. ఉంగరం పట్టుకున్నది ఎడ్వర్డ్ రాజు. గొఱ్ఱెపిల్లను ఎత్తుకున్నది స్నాపక యోహాను. కుడి పలకలో బాల యేసును ఎత్తుకుని మరియమాత నిలబడి ఉంది, చుట్టూ పదకొండుమంది దేవదూతలు. ఎడమవైపు నేల బీడుగా ఉంటే కుడివైపు నేలంతా పూలు. మాత బట్టలకూ దేవదూతల బట్టలకూ వాడిన నీలం ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో దొరికే రాయిని నూరి చేసినది. అంత ఖరీదైన రంగును ఒకరికి వేయడమే ఎక్కువ అనుకునే రోజుల్లో పన్నెండుమందికి వేశారు.

దేవదూతల గుండెల మీద చూడండి. ప్రతి ఒక్కరికీ తెల్లటి మగజింక గుర్తు ఉన్న బిళ్ల ఉంటుంది. అది రిచర్డ్ రాజు సొంత చిహ్నం. రాజుగారి మనుషులు తొడుక్కునే బిళ్లను పరలోకంలోని దేవదూతలకు పెట్టారు. రాజు తన ఛాతీ మీద పెట్టుకున్న బిళ్లలో జింక కొమ్ములకు ముత్యాలున్నాయి. ఆ ముత్యాలను తెల్లరంగుతో బొట్లు బొట్లుగా, ఎత్తుగా పెట్టారు. పక్కనుంచి చూస్తే ఒక్కో బొట్టుకు నీడ పడుతుంది. రాజు వేసుకున్న పై వస్త్రం ఇంకా చిత్రం. ముందు బంగారు రేకు పరిచి, దాని మీద ఎర్రరంగు పూసి, తర్వాత సన్నటి పుల్లతో గీకి కింది బంగారాన్ని పైకి తేల్చారు. ఆ వస్త్రం మీదున్న జింకలు అలా వచ్చినవే.

నేను ఎక్కువసేపు చూసేది మాత్రం బాల యేసు పాదం. మాత తన వేళ్లతో ఆ పాదాన్ని పట్టుకుని ఉంటుంది, అరికాలు మనకు కనిపించేలా. వార్డులో మేము పసిపిల్లలకు రక్తపరీక్ష చేయడానికి మడమ దగ్గర సూది గుచ్చుతాం. పాదాన్ని గట్టిగా నొక్కకూడదు, వదులుగానూ వదలకూడదు. అలవాటైన చేతికే ఆ పట్టు తెలుస్తుంది. ఆ తల్లి వేళ్లు సరిగ్గా అలాగే ఉన్నాయి. ఆ పాదానికి ముందుముందు జరగబోయేది ఏమిటో చిత్రకారుడికి తెలుసు, చూసే రాజుకూ తెలుసు. బిడ్డ తల చుట్టూ ఉన్న బంగారు వలయంలోకి కాస్త వంగి చూస్తే ఆ సంగతి రాసి ఉన్నట్టే ఉంటుంది. బంగారు రేకు మీద సన్నటి మొనతో చుక్కలు కొట్టి ముండ్ల కిరీటాన్ని, మూడు మేకులను గీశారు. ఎదురుగా నిలబడితే అది కనబడదు. తల కొంచెం అటూ ఇటూ కదిపితే వెలుగు చుక్కల మీద పడి ఒక్కసారిగా పైకి వస్తుంది. మళ్లీ కదిపితే మాయమవుతుంది. కొవ్వొత్తి వెలుగు ఆడుతూ ఉంటే మోకరించిన మనిషికి ఆ మేకులు ఎలా కనిపించి ఎలా మాయమయ్యేవో ఊహించండి. ఇది ఫోటోలో రాదు. ఏ పుస్తకంలోనూ రాదు.

ఒక దేవదూత చేతిలో ఎర్ర సిలువ ఉన్న తెల్ల జెండా ఉంది. ఆ జెండా కర్ర చివర ఒక చిన్న గోళం. దాని అడ్డుకొలత సుమారు ఒక సెంటీమీటరు. మురికి పట్టి ఉండటంతో వందల ఏళ్లుగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1990ల మొదట్లో బొమ్మను శుభ్రం చేస్తున్నప్పుడు అందులో ఒక దీవి బయటపడింది. పచ్చటి నేల, దాని మీద తెల్లని కోట, చెట్లు, చుట్టూ సముద్రం, నీళ్ల మీద ఒక పడవ. సముద్రానికి వెండి రేకు వాడారు. వెండి కాబట్టి కాలక్రమంలో నల్లబడింది. ఆ దీవి ఇంగ్లండ్ అని, తన రాజ్యాన్ని రాజు మరియమాతకు సమర్పించి, ఆమె తరఫున పాలించడానికి తిరిగి అందుకోబోతున్నాడని పరిశోధకులు చెబుతారు. నాకు ఆ వివరణ సరిగ్గానే తోస్తుంది. రిచర్డ్ చేతులు చూడండి. జోడించి లేవు, విప్పి ఉన్నాయి. ఏదో ఇస్తే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న చేతులవి.

దీన్ని గాజు పెట్టెలో ఉంచారు కాబట్టి వెనక్కి వెళ్లి రెండోవైపు కూడా చూడవచ్చు. చాలామంది ముందు నుంచే చూసి వెళ్లిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. మూసినప్పుడు బయటికి కనిపించే ఆ వైపే రాజు చేతులు ఎక్కువగా తాకినవి. అందుకే ఇక్కడ రంగు బాగా అరిగిపోయింది. ఒక పలక మీద రాజలాంఛనాలు. రెండో పలక మీద తెల్లజింక గడ్డిలో పడుకుని ఉంది. మెడలో కిరీటం, దానికి బంగారు గొలుసు. జింక చుట్టూ ఉన్న మొక్కల్లో రోజ్‌మేరీ కొమ్మలున్నాయి. రోజ్‌మేరీ రిచర్డ్ భార్య, బొహీమియా రాజకుమారి ఆన్‌కు గుర్తు. ఆమె 1394లో చనిపోయింది. ఆమె కన్నుమూసిన షీన్ భవనాన్ని దుఃఖం పట్టలేక రాజు కూల్చివేయించాడు. ఆ తర్వాతే ఈ పలకలు తయారయ్యాయి. ప్రతిరోజూ ప్రార్థనకు తెరిచే ముందు ఆమె కొమ్మల మీద చేయి వేసి తెరవాలి. 1399లో అతన్ని గద్దె దించారు. మరుసటి ఏడు పొంటిఫ్రాక్ట్ కోటలో బందీగా చనిపోయాడు. ముప్పై ఏళ్ల ప్రాంతంలో ఉన్నవాణ్ని బొమ్మలో గడ్డం కూడా లేని కుర్రవాడిగా గీశారు. పట్టాభిషేకం నాటికి అతడికి పదేళ్లు. ఆ వయసులో దేవుడి ముందు చేసిన ప్రమాణాన్ని గుర్తు తెచ్చుకోవాలనే అలా గీయించుకున్నాడేమో అని నేను అనుకుంటాను.

ఇక్కడ ఒక కొనుగోలు సంగతి చెప్పాలి, మీ డబ్బు దండగ కాకుండా. అమ్మకు పంపుదామని ఇంటర్నెట్‌లో ఒక దుకాణంలో విల్టన్ డిప్టిక్ నకలు తెప్పించాను. గ్యాలరీ వాళ్లది కాదు, వేరే అమ్మకందారు. మంచి కాగితమే, చట్రం కూడా గట్టిదే. అయితే బంగారం మొత్తం ఆవపిండి రంగులో అచ్చయింది. వాళ్ల దగ్గరున్న చట్రం కొలతకు పట్టించడానికి అంచులు కత్తిరించడంతో చివరనున్న దేవదూతల రెక్కలు తెగిపోయాయి. రెండు పలకలనూ కలిపి ఒకే బొమ్మగా వేశారు, మధ్యలో మడత లేదు. జింక బొమ్మ ఉన్న వెనకవైపు అసలే లేదు. మడతపెట్టి తెరవాల్సిన వస్తువును గోడకు తగిలించే పటంగా మారిస్తే మిగిలేది సగమే. అలాంటివి కొనేముందు ఎత్తు, వెడల్పు, వెనకవైపు ఏముంది అనే మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. నేషనల్ గ్యాలరీ వెబ్‌సైట్‌లో బొమ్మలను ఉచితంగా బాగా పెద్దవి చేసి చూడవచ్చు. గోళంలోని పడవను కూడా అక్కడ చూడవచ్చు. నా మాట వింటే నకలు కొనే డబ్బుతో చార్జీలు పెట్టుకుని రండి.

రెండోది గీర్ట్‌గెన్ టోట్ సింట్ యాన్స్ గీసిన రాత్రివేళ క్రీస్తు జననం. సుమారు 1490 నాటిది. 34 సెంటీమీటర్ల ఎత్తు, 25 సెంటీమీటర్ల వెడల్పు, నూనె రంగులు. గీర్ట్‌గెన్ హార్లెమ్ పట్టణంలో పునీత యోహాను సంఘం వారి మఠంలో ఉండేవాడు. చిన్న వయసులోనే పోయాడు. ఈ బొమ్మలో దీపం లేదు. తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ ఒంటినుంచే వెలుగు వస్తుంది. ఆ వెలుగులో తల్లి ముఖం, తొట్టి అవతల చేరిన చిన్నారి దేవదూతల ముఖాలు, ఎద్దు, గాడిద కనిపిస్తాయి. యోసేపు చీకట్లో దాదాపు కలిసిపోయి ఉంటాడు. కిటికీలోంచి దూరంగా కొండ మీద గొఱ్ఱెల కాపరులు వేసుకున్న మంట, పైన ఒక దేవదూత. ఆ మంట కన్నా బిడ్డ వెలుగే ఎక్కువ. స్వీడన్ దేశపు పునీత బ్రిజిట్ 1370లలో బెత్లెహేముకు వెళ్లి తనకు కలిగిన దర్శనంలో ఇలాగే చూశానని చెప్పింది. బిడ్డ కాంతి ముందు యోసేపు పట్టుకున్న కొవ్వొత్తి వెలవెలబోయిందన్నది ఆమె మాట. ఆ మాటలు యూరప్ అంతా పాకి చిత్రకారుల చేతికి చేరాయి.

పుట్టిన బిడ్డను వెంటనే తుడిచి వెచ్చగా ఉంచడం మా పనిలో మొదటి పాఠం. ఈ బొమ్మలో బిడ్డ ఒంటి మీద నూలుపోగు లేదు, చలికాలపు రాత్రి. మొదట నాకు చేతులు ఊరుకోలేదు, ఏదైనా కప్పాలనిపించింది. అలా అనిపించాలనే ఆ బొమ్మ గీశారని తర్వాత నెమ్మదిగా అర్థమైంది. చూసేవాడు దూరం నుంచి దండం పెట్టి ఊరుకోకుండా ఆ పాకలోకి అడుగుపెట్టాలి, బిడ్డకు ఏదో ఒకటి చేయాలని తపించాలి. మరియ ముఖం చూడండి. గుండ్రంగా, పల్లెటూరి పిల్ల ముఖంలా ఉంటుంది. కళ్లు కిందికి వాలి ఉన్నాయి. చేతులు జోడించింది కానీ వేళ్లు ఒకదానికొకటి పూర్తిగా ఆనలేదు, ఇంకా ఆ బిడ్డ తనదేనని నమ్మలేకపోతున్నట్టుగా. ప్రసవమైన గంటలో తల్లుల ముఖాలు నేను రోజూ చూస్తాను. ఇంతకన్నా నిజంగా గీసిన ముఖం నేను ఎక్కడా చూడలేదు.

రాబర్ట్ కాంపిన్ అనే చిత్రకారుడి చిత్రశాలలో గీసిన మరియమాత బొమ్మ 18.7 సెంటీమీటర్ల ఎత్తు, 11.6 వెడల్పు. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దదని మొదట చెప్పింది దీన్ని గురించే. ఒక మామూలు ఇంటి గది. పొయ్యిలో మంట, నీళ్ల పళ్లెం, స్నానం చేయించడానికి బిడ్డను ఒళ్లోకి తీసుకున్న తల్లి. 1432కు ముందుది. అరచేతిలో పట్టుకుని చూడాల్సినంత చిన్నది కాబట్టి చాలామంది దీన్ని దాటి పోతారు. మీరు దాటిపోకండి.

డీరిక్ బౌట్స్ చిత్రశాల నుంచి వచ్చిన జంట బొమ్మలు, ఒకదాంట్లో ముండ్ల కిరీటంతో క్రీస్తు, రెండోదాంట్లో ఏడుస్తున్న తల్లి, అమ్మ లండన్ వచ్చినప్పుడు ఆమెకు చూపించాను. ఛాతీ దాకా మాత్రమే గీశారు. మెడ వెనక బంగారం, ఇల్లూ ఊరూ ఏమీ లేవు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కనురెప్పలు, బుగ్గ మీద జారుతున్న కన్నీటి బొట్టు, ఆ బొట్టులో ఒక మెరుపు. అమ్మ కాసేపు చూసి, ఏమీ అనకుండా సిలువ గుర్తు వేసుకుంది. "ఇది పటం కాదే, ఎవరో మన ముందు కూర్చుని ఏడుస్తున్నట్టుంది" అంది. తర్వాత, "వీళ్లిద్దర్నీ పక్కపక్కన పెట్టింది ఎవరో గానీ మంచి పని చేశారు. తల్లినీ కొడుకునూ విడదీయకూడదు" అంది. అవి మొదటి నుంచీ జంటగానే చేసినవని చెబితే సంతోషపడింది. ఇలాంటి జంటలను బౌట్స్ చిత్రశాల చాలా చేసింది. కొనేవాళ్లు అంతమంది ఉండేవారు. కన్నీళ్లతో చేసే ప్రార్థనకు ఆ రోజుల్లో అంత విలువ ఉండేది.

ఈ బొమ్మలను ఎలా వాడేవారో చూపించే బొమ్మ కూడా ఇక్కడే ఉంది. పెట్రుస్ క్రిస్టుస్ 1450, 1460 మధ్య గీసిన ఒక యువకుడి చిత్రం. పేరు తెలియదు. చేతిలో తెరిచిన ప్రార్థన పుస్తకం. అతని వెనక గోడ మీద ఒక తోలు కాగితాన్ని ఎర్రటి పట్టీ వేసి మేకులతో కొట్టారు. ఆ కాగితం మీద క్రీస్తు ముఖం, దాని కింద ఆ పవిత్ర ముఖానికి చెప్పే లాటిన్ ప్రార్థన. కాగితం అంచులు కొంచెం పైకి లేచి ఉన్నాయి. బంగారు పలకలు చేయించుకునే స్తోమత లేనివాళ్లు ఇలాంటి కాగితాలను గోడకు కొట్టుకునేవారు. విల్టన్ డిప్టిక్ చూశాక వెంటనే ఇది చూడాలని నా సలహా. రాజు ఇంట్లోనూ, పట్టణంలో ఉండే కుర్రవాడి గదిలోనూ జరిగింది ఒకే పని.

ఇంకొకటి, వీటికన్నా పాతది. ఫ్లారెన్స్ వాడైన చిమాబూయే 1280, 1285 ప్రాంతంలో గీసిన మరియమాత. 26 సెంటీమీటర్ల ఎత్తు కూడా లేదు. ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఒక ఇంట్లో బయటపడి 2000లో గ్యాలరీకి వచ్చింది. ఒకే మడత పలకలోంచి కోసి విడదీసిన ముక్కల్లో ఇది ఒకటి. ఇంకో ముక్క న్యూయార్క్‌లోని ఫ్రిక్ మ్యూజియంలో ఉంది. మూడో ముక్క 2019లో ఫ్రాన్స్‌లోని కాంపియెన్‌లో ఒక ముసలామె వంటింట్లో, పొయ్యి పైన గోడకు వేలాడుతూ దొరికింది. ఏదో పాత పటం అనుకున్నారు. వేలంలో 2.4 కోట్ల యూరోలు పలికింది. 2023లో లూవ్ర్ మ్యూజియం దాన్ని సంపాదించింది. ఈ ముక్కలన్నీ ఒకే చెక్కవని తేల్చడానికి పనికొచ్చిన ఆధారాల్లో చెక్కపురుగులు తొలిచిన దారులు కూడా ఉన్నాయి. ఒక ముక్కలో ఆగిపోయిన దారి పక్క ముక్కలో మొదలవుతుంది. ఒకరి ప్రార్థన కోసం చేసిన పలకను అమ్మకం కోసం ముక్కలు చేశారని తెలిసినప్పుడు నాకు కోపమే వచ్చింది. ఈ మూడింటినీ ఒకే గదిలో శాశ్వతంగా ఉంచే రోజు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఎలా చూడాలో కూడా చెబుతాను. ఒక సాయంత్రానికి మూడు బొమ్మలు చాలు, నాలుగు ఎక్కువ. గీత దాటకుండా వీలైనంత దగ్గరికి వెళ్లండి. తర్వాత మోకాళ్లు కొంచెం వంచి చూడండి. ఇవి నిలబడినవారి కంటి ఎత్తుకు కాక మోకరించినవారి కంటి ఎత్తుకు చేసినవి. బంగారం ఉన్నచోట తల మెల్లగా కదపండి. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోనిస్తారు. కానీ ముందు చూడండి, తర్వాతే ఫోను తీయండి. పిల్లలు వెంట ఉంటే దేవదూతలు ఎంతమందో లెక్కపెట్టమనండి, జెండా కర్ర చివరి గోళాన్ని వెతకమనండి. వాళ్ల కళ్లు మనకన్నా ముందు పట్టుకుంటాయి. క్రైస్తవులు కానివాళ్లకు ఇవి అర్థం కావేమో అన్న సందేహం అక్కరలేదు. నాతో పనిచేసే ఒంగోలు అమ్మాయిని ఒకసారి తీసుకెళ్లాను. ఆమె ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం పెట్టే మనిషి. గీర్ట్‌గెన్ బొమ్మ ముందు నుంచి ఆమెను కదిలించడం నాకే కష్టమైంది.

నాకున్న ఒక కోరిక తీరేది కాదు. వీటిని కొవ్వొత్తి వెలుగులో చూడాలని ఉంది. గాజు, సమానంగా పరచిన దీపాల వెలుగు ఇవి బతకడానికి అవసరం. ఇంకో ఆరు వందల ఏళ్లు ఉండాలంటే అలాగే ఉంచాలి. ఆ లోటును తల కదపడంతో, కాస్త ఊహతో పూడ్చుకోవాలి.

రెండేళ్లకు పైగా మూసి ఉంచిన సెయిన్స్‌బరీ వింగ్‌ను 2025 మేలో మళ్లీ తెరిచారు. గ్యాలరీ ముఖ్యద్వారం ఇప్పుడు అదే. దగ్గరి స్టేషన్లు చారింగ్ క్రాస్, లెస్టర్ స్క్వేర్. ప్రవేశం ఉచితం, ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్ కొనాలి. చందా డబ్బాలో తోచినంత వేయండి. సంచులు తనిఖీ చేస్తారు కాబట్టి పెద్ద పెట్టెలతో రావద్దు. పెద్దవాళ్లు మెట్లు ఎక్కనక్కరలేదు, లిఫ్టు ఉంది. గదుల్లో కూర్చోవడానికి బల్లలున్నాయి. బొమ్మలను అప్పుడప్పుడు వేరే మ్యూజియంలకు పంపుతుంటారు, చోట్లు మారుస్తుంటారు. మీరు చూడదలచుకున్నది ఆ రోజు ఏ గదిలో ఉందో వెబ్‌సైట్‌లో చూసుకుని బయలుదేరండి. మామూలు రోజుల్లో ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా, శుక్రవారం తొమ్మిది దాకా ఉంటుంది. క్రిస్మస్ సెలవుల్లో గీర్ట్‌గెన్ బొమ్మ చూద్దామని వచ్చేవాళ్లు గుర్తుంచుకోండి, డిసెంబరు 24 నుంచి 26 వరకూ, జనవరి 1న గ్యాలరీ మూసే ఉంటుంది. 23 లోపల చూసేయండి, లేదంటే 27 నుంచి రండి.